మంచు మీద జారనా? బరువులెత్తనా?

ముందే చెబుతున్నాను, నవ్వకండి. నాకు నలభై ఎనిమిదేళ్ళు. అనంతపురంలో హైస్కూలు లెక్కల టీచర్ని. మోకాళ్ళకు నూనె రాసుకుంటూ సీరియల్ చూసుకోవాల్సిన వయసులో నా ముందు ఒక విచిత్రమైన చిక్కు వచ్చి పడింది. మంచు మీద స్కేటింగ్ నేర్చుకోవాలా, జిమ్ముకు పోయి బరువులెత్తాలా అని!

స్టాఫ్ రూములో ఈ మాట అనగానే మా తెలుగు టీచరు టిఫిన్ డబ్బా పక్కన పెట్టి మరీ నవ్వింది. "అనంతపురంలో మంచా మేడం? ముందు నీళ్ళు రానీండి" అంది.

ఆమె అన్నదీ నిజమే. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్యం మబ్బులు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి వట్టిపోతాయి. ఏడాది పొడుగునా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఏడు బాగున్నట్టు లెక్క. మంచు అంటే మాకు పుల్లైసు, సోడా బండి మీద గోనెపట్టా కప్పిన ఐసు దిమ్మ, అంతే.

మరి ఈ పిచ్చి నాకెక్కడ పట్టుకుందో చెప్పాలి. 1988లో నాకు పదకొండేళ్ళు. కూడేరు దగ్గర మా పల్లె. పంచాయతీ ఆఫీసు ముందర బెంచీ మీద బ్లాక్ అండ్ వైట్ టీవీ పెట్టేవాళ్ళు. ఒకరోజు వార్తల్లో, నిమిషం కూడా ఉండదు, ఎవరో అమ్మాయి తెల్లటి నేల మీద జారుకుంటూ వచ్చి బొంగరంలా తిరిగింది. ఆ ఏడు ఫిబ్రవరిలో కెనడాలోని కాల్గరీలో శీతాకాల ఒలింపిక్స్ జరిగాయని పెద్దయ్యాక తెలిసింది. ఆ అమ్మాయి పేరు మాత్రం ఇప్పటికీ తెలీదు. నాకు గుర్తుండిపోయింది ఆమె చేతులు. రెండూ బార్లా చాచి ఉన్నాయి. నెత్తిన ఏమీ లేదు, చంకన ఏమీ లేదు. ఆ వయసుకే నేను నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని బావి నుంచి ఇంటికి నడిచేదాన్ని. ఏమీ మోయకుండా ఆడమనిషి అంత దూరం పోవచ్చని ఆ రోజే చూశాను.

పడటం నేర్పే బడి

రెండేళ్ళ కిందట డిసెంబరులో సెలవు పెట్టి, గుర్గావ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరకు పోయాను. ఈ టీవీ సంగతి ఎప్పుడో మాటల్లో చెప్పినట్టున్నాను. అది గుర్తు పెట్టుకుని ఒక ఆదివారం నన్ను మాల్‌కు తీసుకుపోయింది. పై అంతస్తులో మంచు రింకు!

మంచు కింద సన్నటి గొట్టాలు పరిచి ఉంటాయట. వాటిలో గడ్డకట్టని చల్లటి ద్రవం తిరుగుతూ ఉంటుంది. పైన పలచగా నీళ్ళు చల్లి, పొర మీద పొర గడ్డకట్టిస్తారు. అంత చేసినా మంచు మందం అంగుళం, అంగుళంన్నర. స్కేట్లు గీసిన గీతలు పోవడానికి మధ్యమధ్యలో ఒక బండి వచ్చి పైపొర గీకేసి, వేడినీళ్ళు పోసి నున్నగా చేసిపోతుంది. అన్ని నీళ్ళు నేల మీద పోస్తుంటే నా ప్రాణం చివుక్కుమంది. అనంతపురం మనిషిని కదా!

బూటు కింద బ్లేడు మందం నాలుగు మిల్లీమీటర్లే. దానికి కూడా నిలువునా గాడి తీసి ఉంటుంది. అంటే మనం నిలబడేది రెండు కత్తి అంచుల మీదన్నమాట. నేర్పే అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. మొదట నిలబడటం నేర్పుతుందనుకున్నాను. పడటం నేర్పింది. పడబోతున్నామని తెలియగానే మోకాళ్ళు వంచి పక్కకు కూలబడాలి. వేళ్ళు విప్పి పెట్టకూడదు, వెనక వచ్చేవాళ్ళ బ్లేడు కింద పడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, అరచేతులు నేలకు ఆనించకూడదు. మణికట్టు విరుగుతుంది.

ముప్పావు గంటలో అరగంట గోడే పట్టుకున్నాను. ఆరేళ్ళ పిల్లలు నా పక్కనుంచి పిచ్చుకల్లా ఎగిరిపోతున్నారు. చివర్లో చెయ్యి వదిలాను. పది పన్నెండు అడుగులు, అంతే. కాలు ఎత్తకుండానే ముందుకు పోతున్నాను. ఏడుపొచ్చింది. మా అమ్మాయి భయపడి పరుగెత్తుకు రాబోయి తనే పడింది.

నా మణికట్టు మంచు మీద విరగలేదు. ఎనిమిది నెలల తర్వాత మా ఇంట్లో సంపు దగ్గర విరిగింది. తెల్లవారుజామున నీళ్ళొచ్చాయని పరుగెత్తాను. తడిబండ. కిందపడుతూ అరచెయ్యి ఆనించాను. నేర్చుకున్న పాఠం ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

కట్టు కట్టిన డాక్టరు, "నిలబడ్డ ఎత్తు నుంచి పడినంత మాత్రానికే ఎముక విరగ్గూడదమ్మా" అని బెంగుళూరులో ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకు రమ్మన్నాడు. డెక్సా స్కాన్ అంటారు. పడుకుంటే చాలు, నొప్పీ గిప్పీ ఉండదు. దాంట్లో టి-స్కోరు అని ఒక అంకె ఇస్తారు. మైనస్ 1 దాకా మామూలు. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య అయితే ఎముక పలచబడుతోందని. మైనస్ 2.5కో అంతకంటే కిందికో దిగితే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. నాది మైనస్ 2.3. పిల్లలకు సంఖ్యారేఖ మీద ఎడమవైపు పోతే విలువ తగ్గుతుందని పాతికేళ్ళుగా చెబుతున్నాను. ఆ రేఖ మీద నేనెక్కడున్నానో చూసుకునే రోజొస్తుందని అనుకోలేదు.

బహిష్టులు ఆగిపోయి నాలుగేళ్ళు. ఆగిన మొదటి కొన్నేళ్ళలోనే ఎముక ఎక్కువ వేగంగా తరుగుతుందట. చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారని కూడా డాక్టరు అడిగాడు. బోరు నీళ్ళేనన్నాను. మా వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఉంటుంది కదా. ఆ నీళ్ళు ఎక్కువగా తాగిన ఎముక పరీక్షలో గట్టిగా కనబడినా పెళుసుగా ఉండొచ్చు, స్కోరు చూసి ధీమాగా ఉండకండి అన్నాడు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆరుగుర్ని కన్నది. యాభై ఎనిమిదేళ్ళకే నడుము వంగిపోయింది. వయసు పైబడిందిలే అనుకున్నాం. వెన్నుపూసలు నలిగిపోతే అట్లా అవుతుందని ఎవరూ చెప్పలేదు. అరవై ఆరో ఏట పెరట్లో కాలు జారి తుంటి విరిగింది. ఎనిమిది నెలలు మంచం మీదే ఉండి పోయింది. పడినప్పుడు ఆమె చేతిలో చెంబు మాత్రమే ఉంది.

ఒకే వారంలో రెండు చీటీలు

డాక్టరు కాల్షియం, విటమిన్ డి రాసి, కింద ఒక వాక్యం రాశాడు: వారానికి రెండు రోజులు బరువులతో వ్యాయామం, తెలిసినవాళ్ళ దగ్గర. అదే వారం మా అమ్మాయి ఫోనుకు ఒక రసీదు పంపింది. వేసవి సెలవుల్లో నా కోసం పది స్కేటింగ్ క్లాసులు కట్టేసింది. "అమ్మా, నువ్వు ఆ రోజు ఏడ్చినావు కదా" అని కింద రాసింది.

మనసు మంచు మీద ఉంది, ఎముక బరువులు అడుగుతోంది. స్కేటింగ్ వల్ల లాభం లేదనుకోకండి. కాళ్ళకు బలం, ఒంటికి నిలకడ వస్తాయి. నిలకడ ఉన్నవాళ్ళు తక్కువగా పడతారు. కానీ ఆ నిలకడ వచ్చేలోపల ఎన్నిసార్లు పడాలో! మైనస్ 2.3 ఉన్న మనిషికి ఒక్కసారి చాలు.

పైగా మన దేశంలో మంచు దొరకడమే కష్టం. సిమ్లాలో 1920 నుంచి ఆకాశం కిందనే సహజంగా గడ్డకట్టే రింకు ఉంది. అదీ చలికాలంలోనే. అయినా మన పిల్లలు ఊరుకోవడం లేదు. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో తెలంగాణ అమ్మాయి తాళ్లూరి నయనశ్రీ షార్ట్ ట్రాక్ స్కేటింగ్ 500 మీటర్లలో బంగారు పతకం గెలిచింది. మంచు పడని రాష్ట్రం నుంచి పోయి! ఆ వార్త చదివిన రోజు మళ్ళీ మనసు అటే లాగింది.

బరువులంటే మాత్రం మనవాళ్ళు పేరు చెప్పుకోవడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లాలో, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి కరణం మల్లేశ్వరి వచ్చింది. 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్. ఆడవాళ్ళ వెయిట్ లిఫ్టింగును ఒలింపిక్స్‌లో చేర్చిందే 2000లో, సిడ్నీలో. ఆ ఏడు సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు పెట్టించుకుంది. అది నిలబడి ఉంటే బంగారమే. నిలబడలేదు.

ఆ రోజు నాకు బాగా గుర్తు. నాకప్పుడు అయిదో నెల. టీవీలో ఆమెను చూసి మా మామ, "ఆడపిల్ల అన్ని బరువులెత్తితే పిల్లలు పుడతారా?" అన్నాడు. నేను వీధి పంపు దగ్గర్నుంచి రెండు బిందెలు తెచ్చి అప్పుడే వంటింట్లో దించాను. అది ఎవరికీ బరువుగా కనబడలేదు. మల్లేశ్వరికి ఆ తర్వాతి ఏడే కొడుకు పుట్టాడు.

ఇప్పుడు మామ లేడు. అత్త ఉంది. జిమ్ముకు పోతానన్న రోజు ఇంట్లో చిన్న పంచాయితీ జరిగింది. మా ఆయన, "పొద్దున్నే వాకింగ్ చేస్తే పోలేదా?" అన్నాడు. నడక గుండెకు మంచిదే గానీ, పలచబడ్డ ఎముకకు అదొక్కటే చాలదని డాక్టరు చెప్పిన మాట చెప్పాను. "కండలొస్తాయేమో" అన్నాడు. నా చేతులు చూపించాను. నవ్వి ఊరుకున్నాడు.

అత్త ఊరుకోలేదు. "ఏమ్మీ, యాడన్నా దుడ్లిచ్చి బరువులు మోస్తారా? మేమంతా ఊరికే మోసినాం. నువ్వు చెప్పింటే నేనే దినానికి ఇరవై కడవలు మోపిచ్చి ఫీజు తీసుకుందును" అంది. తర్వాత గొంతు తగ్గించి అసలు భయం చెప్పింది. "గర్భసంచి జారిపోతాది మ్మీ. మన పల్లెలో ఎంతమందికి జారలేదు?"

ఈ రెండు మాటలూ కొట్టిపారేసేవి కావు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మొదటిది లెక్కేశాను. పదిహేను లీటర్లు పట్టే బిందె అంటే నీళ్ళే 15 కిలోలు. మా అమ్మ రోజుకు పది బిందెలు తెచ్చేది. 150 కిలోలు. ఏడాదికి 54,750 కిలోలు. దాదాపు యాభై అయిదు టన్నులు! బిందె బరువు కాక, శెనక్కాయ గంపలు కాక, కట్టెల మోపులు కాక. బరువులెత్తితే ఎముక గట్టిపడేటట్టయితే మా అమ్మ ఎముకలు ఉక్కు కావాలి కదా? మరెందుకు విరిగింది?

ఈ ప్రశ్న డాక్టర్నే అడిగాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీ అమ్మ ఏం తినేది?" అన్నాడు. అందరూ తిన్నాక అడుగున మిగిలిన సంగటి, పలచటి మజ్జిగ. ఆరు కాన్పులు, ఆరుగురికి పాలు. తిండిలో కాల్షియం చాలకపోతే ఒళ్ళు దాన్ని ఎముకలోంచే తీసుకుంటుంది. అప్పు తీర్చే తిండి ఆమెకు ఎన్నడూ దొరకలేదు. ఇంకో సంగతి. ఎముక గట్టిపడాలంటే బరువు కొద్దికొద్దిగా పెరగాలి, మధ్యలో విశ్రాంతి కావాలి. పదిహేనేళ్ళప్పుడు మోసిన బిందెనే యాభైయేళ్ళప్పుడూ మోస్తే ఒళ్ళు దానికి అలవాటు పడిపోతుంది, అరుగుదల మాత్రం ఆగదు. మా అమ్మ జ్వరమొచ్చినా మోసింది. బాలింతగా ఉండి మోసింది. నీళ్ళకు ఆదివారం ఉండదు.

రెండోదానికి ఆడ డాక్టరు దగ్గరికి పోయాను. అత్త భయం వట్టిది కాదని ఆమే అంది. వెంటవెంటనే కాన్పులు, కాన్పయిన పదిరోజులకే బరువు పనులు, ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకం, వీటివల్ల కింది కండరాలు వదులైపోతాయి. మా పల్లె ఆడవాళ్ళకు జరిగింది అదే. నన్ను పరీక్ష చేసి ఫరవాలేదంది. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా బయటకు వదలమంది. కింది కండరాలను లోపలికి బిగించడం నేర్పింది. ఇప్పటికే ఏదో కిందికి జారుతున్నట్టు అనిపించేవాళ్ళు, దగ్గితే మూత్రం పడేవాళ్ళు మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోకుండా జిమ్ము మెట్లు ఎక్కకూడదు. సిగ్గుపడి దాచుకునే విషయం కాదిది.

ఆస్ట్రేలియాలో చేసిన ఒక పరిశోధన గురించి కూడా ఆమే చెప్పింది. ఎముక పలచబడ్డ, బహిష్టులు ఆగిన నూటొక్క మంది ఆడవాళ్ళను తీసుకుని కొందరి చేత వారానికి రెండుసార్లు అరగంట చొప్పున ఎనిమిది నెలలు పెద్ద బరువులే ఎత్తించారట, పక్కన మనిషి నిలబడి చూస్తుండగా. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్ళ వెన్నెముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసినవాళ్ళకు తగ్గింది. 3 శాతమేనా అనకండి. తగ్గుతూ పోవాల్సిన వయసులో పెరగడమే విశేషం.

పదిహేను కిలోల ఇనుము

మా కాలనీ దగ్గర జిమ్ములో ఆడవాళ్ళకు ఉదయం అయిదున్నర నుంచి గంటసేపు. మొదటిరోజు చీర కట్టుకుని పోయి, కోచ్ ముఖం చూసి, రెండోరోజు చుడీదార్‌లో పోయాను. కోచ్ కుర్రాడు జిల్లా స్థాయిలో బరువులెత్తినవాడే. డాక్టరు చీటీ రెండుసార్లు చదివాడు. "స్నాచ్ గీచ్ మీకొద్దు మేడం" అన్నాడు. రెండు వారాలు కర్ర ఇచ్చాడు. వట్టి కర్ర! నడుము వంచకుండా, వీపు నిటారుగా ఉంచి, తుంటి దగ్గర మడిచి దాన్ని నేలనుంచి తియ్యాలి. నలభై ఏళ్ళు బిందెలెత్తిన మనిషిని, ఎత్తడమే రాదని తేలింది. వెన్ను గుండ్రంగా వంచి, ఒక పక్కకు తిప్పి ఎత్తుతున్నానట. పలచటి వెన్నుపూసకు అంతకంటే చేటు లేదన్నాడు.

మూడో వారం ఖాళీ బార్ చేతికిచ్చాడు. మగవాళ్ళ పోటీ బార్ ఇరవై కిలోలట. ఆడవాళ్ళది కొంచెం సన్నం, పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

"దీని బరువెంతప్పా?" అన్నాను.

"పదిహేను కిలోలు మేడం."

సరిగ్గా ఒక బిందె! కొంచెంసేపు దాన్ని పట్టుకుని అట్లే నిలబడ్డాను. తొణకదు, తడపదు, దీని కోసం ఇంట్లో ఎవరూ ఎదురుచూడరు. ఎత్తి, దించి, రెండు నిమిషాలు కూర్చోమన్నాడు. బరువు దించాక కూర్చోమని చెప్పిన మొదటి మనిషి ఆ అబ్బాయే.

రెండో నెలకు రెండు వైపులా రెండున్నర కిలోల చక్రాలు పడ్డాయి. ఇప్పుడు నలభై కిలోలు నేలనుంచి తీస్తున్నాను. మా బ్యాచిలో ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక టైలరు, ఇద్దరు కాలేజీ పిల్లలు. టోక్యోలో 202 కిలోలెత్తి 2021లో వెండి పతకం తెచ్చిన మీరాబాయి చానూ చిన్నప్పుడు కట్టెలమోపులు మోసిందని ఆ పిల్లలకు చెబితే, "మీరూ మోసినారు కదా మేడం, మరి మీకేదీ పతకం?" అన్నారు. క్లాసులో అయితే గోడకుర్చీ వేయించేదాన్ని.

ఖర్చు అడుగుతారేమో. నెలకు ఎనిమిది వందలు. రోజుకో గుడ్డు, గ్లాసు పాలు, పిడికెడు శెనక్కాయలు. అందరికీ వడ్డించాక కాదు, వాళ్ళతోబాటే.

అంటే బరువులే ఎంచుకున్నాను. ఇష్టమై కాదు, నిజం చెప్పాలి కదా. ఇనుము ఎత్తుతుంటే ఎప్పుడూ ఏడుపు రాలేదు. ఆ పది పన్నెండు అడుగుల హాయి ఇందులో లేదు. కానీ మంచం మీద ఎనిమిది నెలలు మా అమ్మకు గంజి తాపింది నేను. గుర్గావ్‌లో ఒంటరిగా బతుకుతున్న పిల్ల ఉద్యోగం మానుకుని నాకు ఆ గంజి తాపకూడదు.

మా అమ్మాయికి ఫోను చేసి చెబితే రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత రింకు వాళ్ళను బతిమాలి క్లాసుల్ని డిసెంబరుకు మార్పించింది. అప్పటికి మళ్ళీ స్కాన్ తీయిస్తాను. అంకె కుడివైపు జరిగితే, డాక్టరు సరేనంటే, మణికట్టు కవచాలూ నెత్తికి హెల్మెట్టూ వేసుకుని పోతాను. ఒప్పుకోకపోతే గోడ పట్టుకునైనా నిలబడి చూసి వస్తాను. ఒంటికాలి మీద ముప్పై క్షణాలు నిలబడటం ఇప్పటినుంచే సాధన చేస్తున్నాను, కుక్కరు మూడు విజిల్స్ వేసేలోపల.

అత్తకు డెబ్బై ఆరేళ్ళు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఆమెకు మంచిదని కోచ్ చెబితే, నేను పక్కన నిలబడి చేయిస్తున్నాను. మొదట్లో రెండుసార్లు కూడా లేవలేకపోయింది. మొన్న ఎనిమిదిసార్లు లేచింది. ఆయాసపడుతూ కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎంతియ్యాల మ్మీ నీకు ఫీజు?" అని అడిగింది.